సముద్రపు గాలికి మొరాయించిన కారు

ఎన్ని డైనమోలు చుట్టావని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఒక్కోదానికి ఎన్ని చుట్లు చుట్టానంటే మాత్రం ఇప్పటికీ చెప్పగలను. ఆ లెక్క నాది కాదు, దేవుడిది. అష్టోత్తరంలో ఒక్కో నామానికి ఒక్కో చుట్టు. నూట ఎనిమిది పూర్తయితే ఒక చింతగింజ పళ్ళెంలో వేసేదాన్ని. మధ్యలో ఎవరు పలకరించినా ఏ నామం దగ్గర ఆగానో గుర్తుండేది కాబట్టి చుట్టు తప్పేది కాదు. మా పెదనాన్న ఇది చూసి, "మా షాపులో చుట్టిన డైనమోకి కరెంటుతో పాటు పుణ్యం కూడా వస్తాది" అని వచ్చినవాళ్ళతో హాస్యమాడేవారు.

ఐటీఐలు చదివి షెడ్లలో చేరుతున్న ఈ కాలపు పిల్లలూ, మీకు ఇది వింతగా ఉంటుంది. మీ కార్లలో డైనమోనే లేదు. పాయింట్లు లేవు, బానెట్టు ఎత్తితే లోపల ఏముందో కూడా తెలియనివ్వరు. నేను చెప్పబోయేది యాభైలు ముగిసి అరవైలు మొదలయ్యే రోజుల మాట. అప్పుడు నెల్లూరులో తిరిగే కార్లలో సగం యుద్ధానికి ముందు పుట్టినవి. వాటికి పొద్దున్నే ఒళ్ళు నొప్పులు, సాయంత్రం ఎక్కిళ్ళు.

నాన్న పోయాక మా అమ్మ, నేను పెదనాన్న ఇంటికి చేరాం. ముందు వైపు షాపు, వెనక వైపు ఇల్లు. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు మా అవ్వ దేవుడి గదిలో బియ్యం మీద దిద్దించింది. డైనమో విప్పి, కాలిపోయిన రాగితీగ తీసి, కొత్తది చుట్టడం పెదనాన్న వరండాలో కూర్చోబెట్టి నేర్పించారు. "ఆడపిల్లకి ఈ జిడ్డు పనేందన్నా" అని చుట్టాలు మూతి విరిస్తే, "పూలు కట్టే వేళ్ళే కదా, తీగ చుట్టలేవా?" అనేవారు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. నా పని వరండా కిటికీ దాకానే. షెడ్డులో ఇంజన్ల దగ్గరికి రాకూడదు. ఏడాదికొక్కరోజు, ఆయుధపూజనాడు, ఆ షరతు సడలించేవారు.

షెడ్డులో రాజ్యమంతా మేస్త్రీది. అరవైకి దగ్గరపడిన సాయిబు. యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసినవారు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, చెక్కపిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. ఏ సిలిండరు అలిగిందో, దేనికి గొంతు బొంగురుపోయిందో చెప్పేవారు. అంతా సర్దాక చిన్న ఇత్తడి గ్లాసులో నీళ్ళు పోసి, నడుస్తున్న ఇంజను మీద పెట్టేవారు. నీళ్ళు వణికితే బండి బయటకు పోదు. నీళ్ళు నిలకడగా ఉంటే "అల్హందులిల్లా" అని ఆ నీళ్ళు తానే తాగేసేవారు. అదే ఆయన సర్టిఫికెట్టు.

ఆయన గుట్టు ఒకటి నాకు తెలుసు. కళ్ళు మసకబారుతున్నాయి. పాయింట్లని ఉండేవి, ఆవగింజంత రెండు లోహపు బొడిపెలు. అవి టకటకా తెరుచుకుని మూసుకుంటుంటేనే ఇంజనులో నిప్పురవ్వ పుడుతుంది. తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు దళసరి కాగితమంత ఉండాలి. ఆ సందు కొలవడానికి సన్నని ఉక్కురేకు ఉండేది. మేస్త్రీ పాయింట్లున్న డబ్బా మొత్తం విప్పి తీసుకుని నా కిటికీ దగ్గరికి వచ్చేవారు.

"పాపా, దీన్ని కొంచెం చూడు. షెడ్లో వెలుతురు చాల్లా."

మిట్టమధ్యాహ్నం, నెల్లూరు ఎండ. నేను మాత్రం "అవును మామా, మబ్బు పట్టుండాది" అనేదాన్ని. రేకు పెట్టి సందు సరిచేసి ఇచ్చేదాన్ని. ఇద్దరం ఆకాశాన్ని నిందించి ఎవరి పనికి వాళ్ళం పోయేవాళ్ళం.

ఇక డాక్టరమ్మగారి కారు. నల్లటిది, బానెట్టు రెండు వైపులా రెక్కల్లా లేచేది. ఆవిడ ఇందుకూరుపేట, మైపాడు, విడవలూరు వైపు చేపలు పట్టేవాళ్ళ పాళేలకు వెళ్ళి పురుళ్ళు పోసేవారు. మా అమ్మకు విషజ్వరం వచ్చినప్పుడు పదకొండు రోజులు వరసగా ఇంటికొచ్చి బతికించారు. ఆ కారు మా షాపుకు వస్తే నాకు దేవుడి రథం వచ్చినట్టే ఉండేది. బ్యాటరీలో నీళ్ళు పోయడానికి వారానికొకసారి వచ్చేది. కిటికీలోంచే చెయ్యెత్తి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఆ ఏడు ఆయుధపూజకు పానాలు, సుత్తులు, జాకీలు అన్నీ కడిగి బొట్లు పెట్టాను. డాక్టరమ్మ కారును కూడా ఆరోజు పూజకు పంపారు. దానికి అందరి బండ్లకూ పెట్టినట్టు చక్రాలకూ స్టీరింగుకూ పెట్టి ఊరుకోవాలనిపించలేదు. బానెట్టు రెక్క ఎత్తించాను. లోపల డిస్ట్రిబ్యూటర్ మూత కనపడింది. నల్లగా, గుండ్రంగా, చుట్టూ నాలుగు చిన్న కొమ్ములు, మధ్యలో ఒకటి. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడిలా, నిప్పురవ్వను వరసగా ఒక్కో సిలిండరుకు పంచిపెట్టేది అదే. ఇంజనుకు ప్రాణం ఇక్కడే ఉందనుకున్నాను. నాలుగు కొమ్ముల మొదట్లో పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాను. అంతటితో మనసు నిండక, తడి బియ్యప్పిండితో నాలుగింటినీ కలుపుతూ సన్నటి మెలికల ముగ్గు వేశాను. మేస్త్రీ దూరం నుంచి చూసి, "బాగుండాది పాపా" అన్నారు.

దసరా వెళ్ళింది. ఈశాన్యపు వానలు మొదలయ్యాయి. డాక్టరమ్మ కారు డ్రైవరు ఒక పొద్దున తల పట్టుకుని వచ్చాడు. ఇందుకూరుపేటవాడు, నోరు మహా చలాకీ.

"ఏందబ్బా?" అన్నారు పెదనాన్న.

"ఏం చెప్పేదన్నా! టౌన్లో ఉన్నంతసేపూ పెండ్లికూతురు మాదిరి పోతాది. మా ఊరు దాటి సముద్రం గాలి తగిలిందా, ఎక్కిళ్ళే ఎక్కిళ్ళు. నాలుగు అడుగులేసి దగ్గుతాది, మళ్ళా నాలుగు అడుగులు. ఎండెక్కినాక ఏమీ ఎరగనట్టు వస్తాది. అత్తగారింటికి పోనని మొండికేసే కోడలు మాదిరుండాదన్నా."

మేస్త్రీ చూశారు. షెడ్డులో ఇంజను వీణలా పలికింది. గ్లాసులో నీళ్ళు కదల్లేదు. అయినా ప్లగ్గులు మార్చారు. పాయింట్లు నా దగ్గరికి తెచ్చారు, సందు సరిచేశాను. బండి పోయింది. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. అదే జబ్బు. ఈసారి కండెన్సరు మార్చారు, నిప్పురవ్వ పడే టైమింగు మళ్ళీ కట్టారు. డైనమో మీద అనుమానం వచ్చి నేను దాన్ని విప్పి చూశాను. బంగారంలా ఉంది. అలా ఇంకో రెండుసార్లు పోయింది, వచ్చింది.

బండి వచ్చిన ప్రతిసారీ నేనేం చేశానో చెప్పాలి కదా. పాపం బండికి ఎవరి దిష్టి తగిలిందో అనుకుని, పెదనాన్నను బతిమాలి, షెడ్డులోకి వెళ్ళి ఆ మూత మీద బొట్లు, ముగ్గు కొత్తగా పెట్టాను. ఒకసారి కంటే ఇంకోసారి చిక్కగా.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున, విడవలూరు అవతల ఒక పాళెంలో తొలిచూలు బిడ్డ అడ్డం తిరిగిందని కబురొస్తే డాక్టరమ్మ బయలుదేరారు. పాళెం రెండు మైళ్ళుందనగా కారు ఆగిపోయింది. ఎంత తిప్పినా అందుకోలేదు. ఎదురుగా చేపల గంపలతో వస్తున్న ఎద్దుల బండిని తిప్పించి, గంపల మధ్య కూర్చుని వెళ్ళారట. దేవుడి దయ, తల్లీ బిడ్డా దక్కారు. ఆ మధ్యాహ్నం, ఎండెక్కాక కదిలిన కారులో, ఆవిడే షాపుకు వచ్చారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇంకొక్క పావుగంట ఆలస్యమైతే ఆ పిల్ల పోయేది. కళ్ళెదురుగా చూసొచ్చాను. మీ పని మీద నాకు గౌరవముంది. కానీ ఈ బండిని నమ్ముకుని ఇంకొకరి ప్రాణం పందెం కాయలేను. రేపు సాయంత్రానికి కుదరకపోతే మద్రాసు పంపించేస్తాను."

ఆవిడ వెళ్ళాక పెదనాన్న మేస్త్రీని పిలిచారు. నేను కిటికీలోంచి అంతా విన్నాను.

"నీ కండ్ల సంగతి నాకు తెలీదనుకుంటివా? నాలుగు సార్లు చేసినావు, నాలుగు సార్లూ ఇదే కత. తప్పు నీది కాదులే, వయసుది. ఈ నెలాఖరుతో ఇంటిపట్టున ఉండు. పండక్కీ పబ్బానికీ నేను చూసుకుంటా."

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. "సరే అన్నా. ఉన్న పనులు ముగించి పోతా" అన్నారు. అంతే. పదిహేనేళ్ళ కొలువు ఆ రెండు మాటల్లో ముగిసింది. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి, ఆ ఉక్కురేకు గట్టు మీద పెట్టారు.

"ఇది నీ దగ్గరుంచు పాపా. ఇంటికి తీసుకుపోతే నా మనవలు మామిడికాయలు కోస్తారు."

పాయింట్ల సందు కొలిచింది ఆయన కళ్ళు కాదు, నావి. తప్పు జరిగితే నా చేతిలో జరిగి ఉండాలి. మరునాడు శుక్రవారం. మేస్త్రీ నమాజుకు వెళ్ళారు. పెదనాన్న భోంచేసి నడుం వాల్చారు. డ్రైవరు షెడ్డు గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నేను మొదటిసారి, పెదనాన్నను అడక్కుండా, షెడ్డులో అడుగుపెట్టాను.

"ఏందక్కా, నువ్వొచ్చినావు? అన్న చూస్తే నన్ను కూడా తంతాడు."

"నోరు మూసుకుని బానెట్టు ఎత్తు."

మూత విప్పి, పాయింట్ల మధ్య రేకు పెట్టి చూసి, మూత మళ్ళీ బిగించాను. సందు వెంట్రుక వాసి తప్పలేదు. మనసు కుదుటపడలేదు సరికదా, ఇంకా గుబులైంది. నా తప్పు అయినా బాగుండేది, దిద్దుకునేదాన్ని.

డ్రైవరు పొగ వదులుతూ అన్నాడు: "నేనొక మాట చెప్తా, కోపం తెచ్చుకోబాకక్కా. దసరాకి ముందు ఇది ఇట్టా లేదు. పూజ చేసినప్పట్నుంచే దీనికి శని పట్టుకునింది."

ఆ మాటకు నిజంగానే కోపం వచ్చింది. దేవుడి పూజకూ శనికీ పొత్తేమిటని కసిరాను. కసురుతూనే మూత వైపు చూశాను. నిన్న గాక మొన్న వేసిన ముగ్గు, ఎండి తెల్లగా, ముచ్చటగా ఉంది. ఎండి. ఆ ఒక్క మాట దగ్గర నా ఆలోచన ఆగింది. షెడ్డులో అన్నీ ఎండి ఉంటాయి. సముద్రం పక్కన తెల్లవారుజామున ఏది ఎండి ఉంటుంది?

"ఇంజను వేయి" అన్నాను. లోపలికి పోయి మా అమ్మ కప్పుకునే దళసరి రగ్గు, చెంబుతో నీళ్ళు తెచ్చాను. జడ ముడేసుకుని, కొంగు నడుముకు బిగించాను. ఇంజను వీణలా మోగుతోంది. పన్నీరు చల్లినట్టు వేళ్ళతో మూత మీద నాలుగు చుక్కలు చిలకరించి, బానెట్టు రెక్క మీద, నా తల మీద రగ్గు కప్పుకుని చీకటి చేసుకున్నాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నా ముగ్గు వెలిగింది.

అంతకంటే ఎలా చెప్పాలో తెలియదు. సన్నటి నీలం దారం ఒక కొమ్ము దగ్గర పుట్టి, నేను వేసిన మెలికల వెంటే పాకి, బొట్టు మీదుగా పక్క కొమ్ములోకి దూకింది. మళ్ళీ ఇంకొకటి. చిటపట, చిటపట. ఇంజను దగ్గింది, ఎగిరిపడింది, డ్రైవరు చెప్పిన ఎక్కిళ్ళన్నీ పెట్టింది. పంక్తిలో ఒకరి ఆకులో పడాల్సిన వడ్డన పక్కాకులో పడుతోంది. దారి చూపించింది నా ముగ్గు. ఇంట్లో నిమ్మరసం, పటిక వేసి చేసుకున్న కుంకుమ తడిస్తే కరెంటుకు రాచబాటే.

ఇంజను ఆపించాను. పెట్రోలు గుడ్డతో మూత శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ వేయించి, మళ్ళీ నాలుగు చుక్కలే చల్లి, మళ్ళీ రగ్గు కింద దూరాను. చీకటి. నీలం దారం లేదు. ఇంజను పాడుకుంటూ ఉంది.

బయటికొచ్చేసరికి నా మొహం చూసి డ్రైవరు బీడీ పారేశాడు. "షాకు కొట్టిందా అక్కా?"

"కొట్టింది" అన్నాను.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ గుడ్డ దాచేసి ఊరుకుందామా అనుకున్నాను. బండి బాగైపోయింది. నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. విప్పితే, ఇంజన్ల దగ్గరికి రావద్దన్న పెదనాన్న మాట నిజమవుతుంది. చుట్టాల మూతి విరుపులకు ఆధారం దొరుకుతుంది, నా వరండా పని కూడా పోవచ్చు. రాగితీగ లేకపోతే నాకు రోజెలా గడుస్తుందో తెలియదు. కానీ నేను నోరు మూసుకుంటే, నెలాఖరుకు ఒక మంచి మనిషి చేయని తప్పుకు తల వంచుకుని వెళ్ళిపోతాడు. అంతకుముందు ఎన్నోసార్లు దేవుణ్ణి దారి చూపించమని అడిగాను. ఆరోజు అడగలేదు. చూపించేశాడు కదా, నీలం రంగులో.

మేస్త్రీ నమాజు నుంచి వచ్చేసరికి పెదనాన్నను లేపి తీసుకొచ్చాను. ఇద్దరి ముందూ చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది కానీ మాట ఆపలేదు. పెదనాన్న నమ్మలేదు. "బొట్టు పెడితే బండి ఆగుతాదా? ఏం మాటలే ఇవి!"

షెడ్డులో పడున్న పాత మూత ఒకటి బిగించి, దాని మీద మళ్ళీ అదే ముగ్గు వేసి, ఎండబెట్టి, నీళ్ళు చల్లి, "మీరే చూడండి" అన్నాను. పెదనాన్న రగ్గు కింద తల పెట్టారు. లోపల చిటపటలు వినపడ్డాయి. ఆయన కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక మొహం తుడుచుకుని నన్ను చూశారు, మేస్త్రీని చూశారు.

"ముగ్గు మాత్రం వంకర లేకుండా వేసినావు మే" అన్నారు.

మేస్త్రీ నవ్వేశారు. తర్వాత తల గోక్కుంటూ అన్నారు: "పాయింట్లు చూసేదానికి ఆ మూత నాలుగు సార్లు విప్పినా అన్నా. చేసేవాడెవడైనా ముందు మూత తుడవాల. నాకూ తెలుసు. కానీ బిడ్డ భక్తిగా పెట్టిన బొట్టు, నా జిడ్డు చేత్తో ఎట్టా తుడిచేది? చెరక్కుండా పక్కన పెట్టి, మళ్ళా చెరక్కుండా బిగించినా. తప్పు నాది కూడా."

ఆ మాటకు నేను ఆపుకున్న ఏడుపంతా వచ్చేసింది. ఆయన మసక కళ్ళ వల్ల ఆగలేదు ఆ కారు. ఆయన మర్యాద వల్ల, నా భక్తి వల్ల ఆగింది. రెండూ మంచివే, చోటు తప్పాయి.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చారు. ఆవిడకూ చెప్పాను. విడవలూరు దారిలో ఆ చేపల గంపలకు కారణం నేనేనని చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అమ్మణ్ణీ, నువ్వు సముద్రం చూశావా?" అని అడిగారు.

లేదన్నాను. పుట్టినప్పటినుంచి సముద్రానికి అంత దగ్గరలో బతికి, చూసిందాన్ని కాదు.

"రేపు తెల్లారకముందే బయలుదేరుదాం. మైపాడుకు. మేస్త్రీ, నువ్వూ రా. బండి ఆగిందా, ముగ్గురం తోద్దాం."

పెదనాన్న సరేనని తలూపారు. ఆరోజే, ఆవిడ ముందే, ఇంకొక మాట కూడా అన్నారు. "చెవి మేస్త్రీది, కన్ను పాపది. ఇద్దరూ కలిస్తే ఒక మెకానిక్కు. ఎవురూ యాడికీ పోబడ్లేదు."

మరునాడు తెల్లవారుజామున మంచు పొగలా దిగి ఉంది. ఇందుకూరుపేట దాటాం. ఉప్పుగాలి తగిలింది. నేను అష్టోత్తరం మొదలుపెట్టాను. మేస్త్రీ కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒక్క దగ్గు లేదు. నామాలు పూర్తికాకముందే ఇసుక కనపడింది.

ఇంజను ఆపనివ్వకుండా మేస్త్రీ దిగి బానెట్టు రెక్క ఎత్తారు. జేబులోంచి ఇత్తడి గ్లాసు తీసి, సీసాలోని నీళ్ళు పోసి, ఇంజను మీద పెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు.

"కుంకుమ తెచ్చినావా పాపా?"

కొంగున ముడేసుకుని తెచ్చాను. కానీ తీయడానికి భయపడ్డాను.

"ఇక్కడ పెట్టు" అని బానెట్టు రేకు ముందువైపు తన వేలితో చూపించారు. "ఇనప రేకు. ఎంత తడిసినా ఏం కాదు. పెట్టు, మన బండికి బొట్టు లేకపోతే ఎట్టా?"

పెట్టాను. నలభై ఏళ్ళు ఆ పని చేశాను. ఏ బండికైనా బొట్టు అక్కడే పెట్టాను. ఏ బండి మూత అయినా ముందు తుడిచాకే చూశాను. మేస్త్రీ ఉన్నన్నాళ్ళూ సందు నేను కొలిచాను, పాట ఆయన విన్నారు. ఆకాశాన్ని నిందించడం మాత్రం మానేశాం.

బొట్టు పెట్టి తలెత్తితే సముద్రం. అంత నీళ్ళు ఒకచోట ఉంటాయని వినడమే కానీ చూడలేదు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్క చోట నిలవకుండా లేస్తోంది, విరుగుతోంది, మళ్ళీ లేస్తోంది. నా పక్కన నడుస్తున్న ఇంజను మీద గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలబడి ఉన్నాయి. మేస్త్రీ గ్లాసు తీసి, ఎప్పటిలా తానే తాగబోయి, ఆగి, నా చేతికిచ్చారు.

తీర్థంలాగే తీసుకున్నాను.